పేరు లేని కుండ

సిద్దిపేట జిల్లాలోని చింతమడక అను గ్రామము పేరు వినని తెలుగువారు నేడు అరుదు. 1954వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన ఆ గ్రామమందు పుట్టిన కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియై, 2023 డిసెంబరు వరకు ఆ పదవియందుండిరి. ఒక మనిషి పేరువలన ఒక ఊరి పేరు దేశమంతట తెలిసినది. మంచిదే. అయితే చదువరులారా, అట్టి ఊళ్లలో తరతరములుగా ఇంటింటివారు నీళ్లు త్రాగిన రంజనును, అన్నము వండుకొన్న అటికను, గింజలు దాచుకొన్న బానను చేసిన చేతుల పేరేమి? ఏ ఊరి పెద్దనైనను అడిగి చూడుడు. "కుమ్మరాయన చేసిండు" అని చెప్పును. అది కులము పేరేగాని మనిషి పేరు కాదు.

ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదే. పేరు లేని పని గొప్పదా, తక్కువదా? పేరు కోరని పనివాడు దీనుడని కొందరందురు. పేరు దొరకని పనివాడు దోచుకొనబడినవాడని మరికొందరందురు. ఈ రెండు మాటలలో ఏది నిజము? పెద్ద పుస్తకములు విప్పకమునుపు ఒక మట్టికుండను చేత పట్టుకొని దీనిని విచారించుదము.

కుండ ఎట్లు పుట్టునో చూడుడు. చెరువులో నీరు తగ్గినప్పుడు కుమ్మరి మన్ను త్రవ్వి తెచ్చును. ఏ మన్నైనను పనికిరాదు. మిక్కిలి జిగటయైన మన్ను ఆరునప్పుడు పగులును. ఇసుక ఎక్కువైన మన్ను సారెమీద నిలువదు. కాబట్టి అతడు దానిని ఎండబెట్టి, దంచి, రాళ్లు వేళ్లు ఏరి, నానబెట్టి, కొంత ఇసుకయో బూడిదయో కలిపి కాళ్లతో తొక్కును. అనేక గృహములలో ఈ పనిలో సగము స్త్రీలదే. మన్ను మోయువారు వారు, మెదుపువారు వారు, ఆరిన కుండలను తిప్పి పెట్టువారు వారు, తలమీద గంప పెట్టుకొని అంగడికి పోవువారును వారే. అయినను సారెయొద్ద కూర్చుండువాడు పురుషుడు గనుక కుండను "ఆయన చేసిన కుండ" అందురు. పేరులేనివారిలోను మరింత పేరులేనివారు ఉందురని దీనివలన మనకు తెలియుచున్నది.

సారెమీద లేచిన కుండ ఇంకను కుండ కాదు. దాని గోడలు మందముగా ఉండును, అడుగు పూడియుండదు. కొంచెము ఆరిన తరువాత కుమ్మరి ఒక చేతితో లోపల నున్నని రాయి ఆనించి, మరియొక చేతితో వెలుపల కొయ్యబద్దతో తట్టుచు, గోడను పలుచన చేసి అడుగును మూయును. వెలుపలి దెబ్బ అందరికిని కనబడును, వినబడును. లోపలి చేయి ఎవరికిని కనబడదు. అయితే ఆ లోపలి చేయి లేనియెడల వెలుపలి దెబ్బకు కుండ చితికిపోవును.

తరువాత ఆవము. కుండలను పేర్చి, కట్టెలు పిడకలు గడ్డి కప్పి, పైన మన్ను మెత్తి నిప్పు పెట్టుదురు. ఇక్కడ ఒక ఆశ్చర్యము జరుగును. ఎండలో ఎంత ఆరిన పచ్చికుండయైనను నీళ్లలో వేసిన మరల బురదయే అగును. మన్ను రేణువులలోనే ఇమిడియున్న నీరొకటి కలదు. అది ఎండకు పోదు. సుమారు 500, 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియందు ఆ నీరు విడిచిపోవును. అది విడిచిన మన్ను మరల ఎన్నడును బురద కానేరదు. అదియే కుండ. అయితే పూర్తిగా గాజువలె బిగిసికొనదు గనుక దాని గోడలో సన్నని రంధ్రములు మిగిలియుండును. వాటిగుండ నీరు చెమర్చి ఆవిరియైపోవుచు లోపలి నీటిని చల్లబరచును. ఎండకాలమున మనకు హాయినిచ్చునది ఆ కుండయొక్క లోపము వంటి గుణమే.

ఇట్టి పని ఎంత కాలమునుండి జరుగుచున్నది? దూరము పోనక్కరలేదు. ఇదే సిద్దిపేట జిల్లాలో నంగునూరు మండలములోని నర్మెట్ట, పాలమాకుల గ్రామములయొద్ద 2017లో తెలంగాణ పురావస్తు శాఖవారు ఇనుపయుగపు సమాధులను త్రవ్వించిరి. పెద్ద పెద్ద రాతిబండలక్రింద మృతులతోకూడ ఉంచిన మట్టిపాత్రలు బయటపడెను. ఆ కాలపు సమాధులలో దక్షిణదేశమంతట కనబడు పాత్రలలో లోపలను అంచునను నలుపు, వెలుపల ఎరుపు గలవి కలవు. ఒకే ఆవములో రెండు రంగులు వచ్చునట్లు కాల్చుట పిల్లల ఆట కాదు. గాలి తగిలినచోట మన్ను ఎరుపెక్కును. గాలి తగలక పొగ కమ్మినచోట నల్లబడును. దీనిని ఎరిగి, అగ్నిని అదుపులో ఉంచి, రెండువేల ఏండ్లకు పూర్వమే ఈ నేలమీద ఒకడు గాని ఒకతె గాని ఆ పని చేసిరి. రాజుల కోటలు కూలినవి. ఆ కుండలు నిలిచినవి. అట్టి పాత్రలమీద అక్కడక్కడ గీసిన గుర్తులుకూడ కనబడును. అవి చేసినవాని గుర్తులో, కొనినవాని గుర్తులో పండితులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. నేర్పు మన చేతికందినది. పేరు మాత్రము మట్టిలోనే ఉండిపోయినది.

మన తెలుగువారిలో కుమ్మరివారి ఇంటిపేరుతో అందరికిని తెలిసిన ఒక స్త్రీ కలదు. ఆమె రామాయణము వ్రాసిన మొల్ల. ఆమెను కుమ్మరి మొల్ల అనుట సంప్రదాయము. ఆమె పేరు నిలిచినది పద్యము చెప్పినందుకే. కుండ చేసినందుకు కుమ్మరి పేరు నిలిచిన కథ మనకు వినబడదు.

ఇక నేటి పట్టణముల సంగతి చూతము. ఇప్పుడు మట్టిపని చిత్రకళవలె, శిల్పకళవలె కళాశాలలలో నేర్పబడుచున్నది. ఆ కళాకారులు తమ పనిశాలలలో విద్యుత్తుతో తిరుగు సారెమీద పాత్రలు తీసి, మొదట సుమారు 1000 డిగ్రీలకు కాల్చి, బూడిద, ఇసుకరాతి పొడి, లోహపు పొడులు కలిపిన పూత పూసి, మరల 1200, 1300 డిగ్రీలవరకు కాల్చుదురు. అప్పుడు పూత కరగి గాజువలె మెరయును. దక్షిణమున పాండిచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికా దేశస్థులు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అను పనిశాలను స్థాపించిరి. వారియొద్ద నేర్చుకొనినవారు దేశములో అనేక స్థలములలో పని చేయుచున్నారు. వారి శ్రమను తక్కువగా ఎంచరాదు. ఒక్క రంగు కొరకు నెలల తరబడి పరీక్షలు చేయుదురు. కాలిన తరువాత నచ్చని పాత్రలను తామే పగులగొట్టుదురు. చివరకు మంచిదని తోచిన పాత్ర అడుగున తమ ముద్రయో సంతకమో వేయుదురు. ఆ సంతకమును చూచి కొనువారు ధర చెల్లించెదరు. ఒక గిన్నెకు వేల రూపాయలు పలుకును. అదే వేసవిలో రోడ్డు ప్రక్కన రంజను అమ్ముకొను ముసలమ్మకు మనము నూరు రూపాయలకు బేరమాడుచున్నాము.

సంతకము వేయుట గర్వమా? తొందరపడి తీర్పు తీర్చకుడు. సంతకమునకు మరియొక అర్థము కలదు. "ఇది నేను చేసితిని, ఇది కారినను పగిలినను నన్ను అడుగుడు" అని చెప్పుటయే అది. పల్లెలో కుమ్మరికి సంతకము అక్కరలేకుండెను, ఏలయనగా కొనినవారికి అతని ఇల్లు తెలియును. కుండ కారినయెడల మరునాడు ఆ ఇల్లాలు దానిని చంకన పెట్టుకొని అతని వాకిట నిలుచును. అతని ముఖమే అతని సంతకము. పట్టణములో కొనువాడు చేసినవాని ముఖము చూడడు. కాబట్టి ముఖమునకు బదులుగా అక్కడ ముద్ర వచ్చినది. మంచి సంతకము జవాబుదారీతనమేగాని డాంబికము కాదు.

దీనికి ఎదురుగా మరియొక మాట చెప్పినవారు కలరు. జపాను దేశమున యనగి సోఎత్సు అను పండితుడు, నిత్యము వాడుకొను పాత్రలలో, పేరు తెలియని పనివారి చేతిపనిలో, నిజమైన సౌందర్యమున్నదని బోధించెను. అట్టి వస్తువుల కొరకు 1936లో టోక్యో నగరమున ఒక ప్రదర్శనశాలను స్థాపించెను. ఆయన స్నేహితుడు హమదా షోజి 1920లో బెర్నార్డ్ లీచ్ అను ఆంగ్లేయునితోకూడ ఇంగ్లండు దేశపు సెంట్ ఐవ్స్ పట్టణమున పనిశాల నెలకొల్పి, తరువాత స్వదేశమునకు తిరిగివచ్చి మషికో అను కుమ్మరుల గ్రామములో స్థిరపడెను. అక్కడ ఆయన తన పాత్రలమీద సంతకము వేయుట మానెను. 1955లో జపాను ప్రభుత్వము ఆయన నేర్పును దేశపు ధనముగా ఎంచి సన్మానించెను.

ఇది వినుటకు ఎంతో ఇంపుగా ఉన్నది. పేరును కోరని మనసు గొప్ప మనసే. అయితే ఇక్కడనే మనము ఆగి ఆలోచింపవలెను. హమదా సంతకము మానినను ఆయన పాత్రను గుర్తుపట్టనివారు లేరు. ఆయన పేరు లోకమంతయు ఎరుగును. ఆయన పాత్రలకు ధర తగ్గలేదు. ఆయన పేరును విడిచిపెట్టగలిగెను, ఏలయనగా ఆయనకు పేరుండెను. మన అంగట్లో గంపముందు కూర్చున్న ముసలమ్మ దేనిని విడిచిపెట్టగలదు? ఆమెకు పేరు పెట్టి పిలిచినవారే లేరు. చేతిలో ఉన్నదానిని ఇచ్చువాడు దాత. చేతిలోనిది పోగొట్టుకొనినవాడు దాత కాడు. అతనికి నష్టము జరిగినది.

కాబట్టి పేరులేనితనము ఒకటి కాదు, రెండు. మొదటిది మనిషి తానై ఎన్నుకొనునది, అది దీనత్వము. రెండవది ఇతరులు అతనిమీద మోపునది; అది అన్యాయము. ఈ రెండును పైకి ఒక్కవలె కనబడును. అందుచేతనే లోకము తరచుగా రెండవదానికి మొదటిదాని పేరు పెట్టి పొగడును. "పాపము, కుమ్మరి ఎంత సాధువు! ఏమియు అడుగడు" అందురు. అతడు అడుగకపోవుట దీనత్వముచేతనా, అడిగినను ఎవరును వినరని తెలిసియా? దీనత్వమును బోధించుట సులభము. కూలి సరిగా చెల్లించుట కష్టము. కూలి చెల్లింపనివాడు దీనత్వమును బోధించినయెడల ఆ బోధ ఎవరికి లాభము?

పూర్వము పల్లెలో కుమ్మరికి పంటకాలమున కళ్లముయొద్ద మేర కొలిచి ఇచ్చుచుండిరి. పెండ్లికి ఐరేని కుండలు అతనియొద్దనే తీసికొనుచుండిరి, చావునకును అతని కుండయే. ఆ ఏర్పాటులో అతనికి ఒక స్థలముండెను గాని మాట ఉండలేదు. పైగా ఆ కుండయే ఊరిని రెండుగా చీల్చెను. ఒకే చెరువు మన్ను, ఒకే సారె, ఒకే ఆవము. అయినను ఒక వాడవారు ముట్టిన కుండలో మరియొక వాడవారు నీళ్లు త్రాగలేదు. మట్టికుండ చెమర్చును గనుక దానిని కడిగినను శుద్ధి కాదనియు, ముట్టినయెడల పగులగొట్టవలెననియు చెప్పిరి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దు చేసెను. అయినను హోటళ్లలో వేరు గ్లాసులు చూచిన కన్నులు మన సంఘములలో ఇంకను కలవు.

పేరు విలువ ఎట్టిదో మన పెద్దలకు తెలిసినంతగా మరెవరికి తెలియును? ఊరు వారిని పూర్తి పేరుతో పిలువలేదు. మల్లయ్య మల్లిగాడాయెను, ఎల్లమ్మ ఎల్లి ఆయెను. ముసలివానినైనను చిన్న పిల్లవాడు "ఒరే" అనెను. అట్టివారి పేరును మొట్టమొదట పూర్తిగా, గౌరవముగా ఒక పుస్తకములో వ్రాసినది అనేక స్థలములలో సంఘపు జాబితాయే. ఆ పేరు విని తల ఎత్తి నిలిచిన తాతల మనుమలము మనము. అట్టి మనము అంగట్లో మరియొకరిని పేరులేనివారిగా ఎంచి, మట్టి ధర కట్టి పోవచ్చునా?

మెదకు దేవాలయమును చూడని కుటుంబములు మన ప్రాంతమున తక్కువ. కరువుకాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించుచు 1914 మొదలు పది సంవత్సరములు కట్టబడి, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పేరు మనము గౌరవముతో తలంచుకొందుము, అది తగినదే. అయితే రాళ్లు మోసినవారు, సున్నము కలిపినవారు, పసిబిడ్డను చెట్టుక్రింద పరుండబెట్టి తట్ట ఎత్తినవారు ఎవరు? వారి మనుమలలో కొందరు నేడు అదే దేవాలయములో కూర్చుండుచున్నారు. "ఈ గోడలో మా తాత చేయి కలదు" అని ఒక బిడ్డ చెప్పుకొనినయెడల అది గర్వము కాదు. అది బాకీ తీర్చుట.

కుమ్మరియు మన్నును గూర్చి మన దేవాలయములలో ఎన్ని ప్రసంగములు జరిగినవో లెక్కలేదు. యిర్మీయా ప్రవక్త కుమ్మరి ఇంటికి దిగిపోయి, సారెమీద చెడిన పాత్రను కుమ్మరి విడిచిపెట్టక అదే మంటితో మరల చేయుట చూచిన సంగతి సండేస్కూలు పిల్లలకును తెలియును. మనము వెంటనే దాని అర్థములోనికి పోవుదుము: మనము మన్ను, ఆయన కుమ్మరి. అది సరియే. అయితే ప్రవక్త మొదట ఏమి చేసెనో గమనింపుడు. అతడు ఆ ఇంటికి నడచిపోయెను. నిలిచి ఒక పనివాడు పని చేయుట చూచెను. పాఠము అతనికి పనిలోనుండి వచ్చెను. మనమో పాఠమును పట్టుకొని పనివానిని మరచితిమి. ఆదివారము కుమ్మరిని గూర్చి పాడి, సోమవారము కుమ్మరియొద్ద బేరమాడుట మనకు వింతగా తోచుటలేదు.

"అవ్వా, గీ రంజన్ ఎంత?"

"నూటయాభై ఇయ్యి బిడ్డా."

"మట్టికి గంత ధరనా? ఎనభై ఇస్త."

ఇట్టి మాటలు ప్రతి అంగట్లో వినబడును. మట్టికి ధర లేదనుట నిజమే. అయితే ఆమె అడిగినది మట్టికి కాదు. త్రవ్వినందుకు, తొక్కినందుకు, తట్టినందుకు, కాల్చినందుకు, ఆవములో పగిలిపోయిన వాటి నష్టమునకు, తలమీద మోసి తెచ్చినందుకు. దుకాణములో ప్లాస్టిక్ సీసాకు మనము బేరమాడము, ఏలయనగా దానిమీద కంపెనీ పేరు ముద్రింపబడియున్నది. పేరున్నవానియొద్ద మన నోరు మూతపడును, పేరులేనివానియొద్ద తెరవబడును. మన న్యాయము ఎట్టిదో ఇక్కడ బయటపడుచున్నది. కొనువాడు కుండను వ్రేలితో కొట్టి ధ్వని వినును; ఖంగుమన్నయెడల మంచిది, బొంగురుపోయినయెడల లోపల పగులున్నది. అదే సమయమున ఆ కుండయు కొనువానిని పరీక్షించుచున్నదని మరువకుడు. అతడు పలుకు ధరయే అతని ధ్వని.

అట్లని కొనువారికి మాత్రమే ధర్మము కలదని చెప్పుటలేదు. చేయువారికిని కలదు. పగిలిన కుండకు ఎర్రమన్ను పూసి, పగులు కప్పి అమ్ముట సాధ్యమే. కొనునది తెలియని ఊరివారైనప్పుడు ఆ శోధన ఎక్కువ. సంతకము లేనిచోట మనస్సాక్షియే సంతకము. మనలో అందరును ఏదో ఒక కుండ చేయుచున్నవారమే. మేస్త్రీ గోడలోపల వేయు సిమెంటు పాలు, నర్సు రాత్రివేళ రోగియొద్ద చేయు సేవ, ఉపాధ్యాయుడు తనిఖీ లేని దినమున చెప్పు పాఠము, తల్లి వండు అన్నము. వీటిమీద ఎవరి పేరును ఉండదు. అయినను ఆ పనులమీదనే లోకము నిలిచియున్నది. కుండలోపల రాయి పట్టిన చేయివలె అవి కనబడవు, లేకపోయినప్పుడే తెలియును.

కాబట్టి మనము మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇట్లు చెప్పుకొందము. నీ పనికి నీ పేరు రాకపోయినను దానిని చక్కగా చేయుము; అది నీ దీనత్వము. పొరుగువాని పనికి అతని పేరు రాకుండ చేయకుము. అది నీ న్యాయము. మొదటిదానిని నీకు నీవు చెప్పుకొనుము, ఇతరులకు బోధింపకుము. రెండవదానిని అందరికిని బోధింపుము, మొదట నీవు చేయుము. ఈ రెండింటిని తారుమారు చేసి, మన పేరు కొరకు పోరాడుచు ఇతరులకు దీనత్వము బోధించుటచేతనే సంఘములలోను ఊళ్లలోను ఇంత చెరుపు కలుగుచున్నది.

ఈ వేసవిలో మీరు కుండ కొనునప్పుడు రెండు పనులు చేయుడు. అడిగిన ధర న్యాయమైనదని తోచినయెడల తగ్గింపక ఇయ్యుడు. తరువాత, "అవ్వా, నీ పేరేంది?" అని అడుగుడు. ఇంటికి వచ్చి మీ పిల్లలకు ఆ కుండలోని నీళ్లు ఇచ్చునప్పుడు ఆ పేరు చెప్పుడు.